పరువు బస్సు

మంగళవారం పొద్దున ఏడున్నరకి దర్జీల కాలనీ దగ్గర ఒక మనిషి చెయ్యెత్తింది. మా బస్సు ఆగలేదు. ఆ బస్సులో కండక్టర్ని నేనే. ఎవరో చెప్తే విని చెప్పే కథ కాదిది. ఆ తప్పులో నా వాటా నాకుంది, ముందు అది ఒప్పుకునే మొదలుపెడతాను.

బస్సులో నలభై సీట్లు. ఎక్కినవాళ్ళు ఇద్దరు. ఏసీ ఝామ్మని వీస్తోంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. రోడ్డు మీద చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి దించకుండా మా వెనకాల నాలుగడుగులు నడిచిన ఆ మనిషి మా డ్రైవరు సొంత అక్క.

డ్రైవర్ని డిపోలో అందరం నిదానం అంటాం. ఇరవై రెండేళ్ళ సర్వీసు. హారన్ కూడా మొహమాటపడుతూ కొట్టే మనిషి. ఆ రోజు అద్దంలో ఆయన మొహం చూశాను. కాలు బ్రేకు మీదికి పోయింది, మళ్ళీ వెనక్కొచ్చింది. నెత్తిమీద కెమెరా ఉంది. అంతకు ముందు వారమే దారిలో బస్సాపి ఒక నిండు చూలాలిని ఎక్కించుకున్నారని ఇద్దర్ని సస్పెండ్ చేశారు. "ఆపన్నా" అని నేననాలి. సంచీలో చిల్లర సర్దుకుంటూ కూర్చున్నాను. ఆయనా నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

అక్క కాలనీలో బట్టలు కుడుతుంది. రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం ప్రభుత్వాసుపత్రికి పోయి నాలుగ్గంటలు రక్తం శుభ్రం చేసే మిషను మీద పడుకోవాలి. పోకపోతే ఒంట్లో నీరు దిగుతుంది, ఊపిరి అందదు. "రెండుసార్లు వరసగా తప్పిందా, ఇక నా చేతిలో ఏం లేదు" అని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. ఆటోల్లో తిరిగితే ఆమెకి తిండికి మిగలదు. ఇన్నాళ్ళూ ఏడో నంబరు బస్సు తీసుకెళ్ళేది. ఆమెనే కాదు, కాలనీలో అలాంటి వాళ్ళు పదకొండు మంది ఉన్నారు.

ఏడో నంబరు ఏమైందంటారా? ఊరి పరువు కోసం పోయింది.

మన ఊరి విమానాశ్రయానికి చెడ్డపేరుంది, మీకూ తెలుసు. అక్కడ దిగినవాడు వెంటనే తిరిగి ఎక్కేద్దామనుకుంటాడని పత్రికల్లో జోకులేశారు. దేశంలోకెల్లా అధ్వాన్నమైన వాటి జాబితాలో పైన కూర్చోబెట్టారు. దాంతో మేయరు గారికి నిద్ర కరువైంది. చెడ్డపేరు పోగొట్టాలంటే ఊరి నడిబొడ్డు నుంచి విమానాశ్రయం దాకా ఎక్కడా ఆగని బస్సు వెయ్యాలన్నారు. కౌన్సిలు సొమ్ము కుమ్మరించారు. కొత్త రోడ్డు, గాజు షెల్టర్లు, ఏసీ బస్సులు. అవన్నీ ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా! కాలనీకి రావాల్సిన నీళ్ళ పైపు ఆగిపోయింది. వార్డులో ఆసుపత్రి గదికి తాళం పడింది. ఏడో నంబరుని పీకేసి మమ్మల్ని ఇటు వేశారు. బస్సు ఆసుపత్రి గేటు ముందునుంచే పోతుంది. పోతుందంతే, ఆగదు. దాని పేరేదో ఇంగ్లీషులో పెద్దదే పెట్టారు. మేం మాత్రం పరువు బస్సంటాం.

ఆ మంగళవారం సాయంత్రం అక్క ఇంటికెళ్ళాను. కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

"నువ్వేం ఏడవకే," అంది. "నా తమ్ముడు ఉద్యోగం పోగొట్టుకుంటే నన్ను మోసేదెవరు? శుక్రవారం ఎలాగో పోతాలే."

"ఎలా పోతావు?"

దారం సూదిలోకి ఎక్కించబోయింది, ఎంతకీ ఎక్కలేదు. నా ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే.

బుధవారం మధ్యాహ్నం డిపోలో పిడుగు పడింది. విమానాశ్రయానికి మార్కులేసే వాళ్ళు శుక్రవారం వస్తున్నారట. బస్సు కూడా ఎక్కి చూస్తారట. ఖాళీ బస్సు చూపిస్తే కొంప మునుగుతుంది. అందుకని సెంటు సారు ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. ఈయన ఆ బస్సు కోసమే వేసిన ప్రత్యేకాధికారి. ఆయన గదిలోకి రాకముందే వాసనొస్తుంది, అందుకా పేరు. కార్పొరేషన్లో ఊడ్చేవాళ్ళని, కాలవలు తీసేవాళ్ళని ముప్పైఎనిమిది మందిని వరండాలో నిలబెట్టాడు. పక్కన కొత్త సూట్‌కేసులు గుట్టగా పోసున్నాయి. అన్నీ ఖాళీవే.

"శుక్రవారం మీరు ప్రయాణికులు," అన్నాడు. "శుభ్రంగా స్నానం చేసి రండి. తలో పెట్టె పట్టుకుని ఎక్కండి. నవ్వుతూ కూర్చోండి. ఎవరడిగినా నోరు తెరవద్దు. తెరిచినవాళ్ళకి శనివారం నుంచి పని లేదు."

వాళ్ళలో పెద్దావిడ ఉంది. తొమ్మిదో వార్డు ఊడుస్తుంది, అందరికీ పెద్దమ్మ. ఒక పెట్టె చేత్తో లేపి చూసి, "ఇందులో ఏం పెట్టుకోవాలి సారూ, మీ పరువా?" అంది. వరండా అంతా గొల్లున నవ్వింది. సారు నవ్వలేదు. ఆమె వంక చూసి, చేతిలో కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే విశ్రాంతి గదిలో అందరం కూడాం. డ్రైవర్లు, కండక్టర్లు, ఊడ్చేవాళ్ళు. కూర్చోడానికి చోటు లేదు. నిదానం గోడకానుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ అల్లుడూ వచ్చాడు. విమానాశ్రయంలో సామాన్లు మోసే లోడరతను, కాంట్రాక్టు కింద. మొదట అడ్డుపడింది అతనే.

"మీరంతా విమానాశ్రయం మీద పడి ఏడుస్తారేంటి? దానికి చెడ్డపేరొచ్చి విమానాలు ఆగిపోతే నా పొయ్యి ఆరిపోతుంది. నాలాంటి వాళ్ళు మూడొందల మంది ఉన్నారు. మీకు బస్సు లేదు, మాకు బతుకే ఉండదు."

"ఆ బస్సులో నువ్వు డ్యూటీకి పోతావా అల్లుడూ?" అనడిగింది పెద్దమ్మ.

అతను యూనిఫాం చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు.

"చెప్పు, సిగ్గెందుకు?"

"యూనిఫాంతో ఎక్కనివ్వరు," అన్నాడు. "ప్రయాణికులు ఇబ్బంది పడతారని. నడిచే పోతాం."

"మరి ఎవరికయ్యా ఆ బస్సు?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "ఎక్కేవాళ్ళకి కారుంది. లేనివాళ్ళని ఎక్కనివ్వరు!"

"విమానాశ్రయం మూసెయ్యమని ఎవరన్నారు?" అన్నాను నేను. "బస్సు ఆగాలి. కాలనీలో ఆగాలి, ఆసుపత్రి దగ్గర ఆగాలి, మీ గేటు దగ్గర మీకోసం ఆగాలి. అంతే కదా మనమడిగేది?"

ఒక ముసలి డ్రైవరు లేచాడు. రిటైరవడానికి నాలుగు నెలలుంది ఆయనకి. "అర్జీ పెడదాం. వాళ్ళతో పెట్టుకుంటే నలిపేస్తారు," అన్నాడు. ఆయన్ని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఆయన చెప్పింది నిజమే. కానీ మూడు అర్జీలు పెట్టి ఉన్నాం, ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు నిదానం మాట్లాడాడు. ఆయన మీటింగులో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"శుక్రవారం నేను ఆపుతాను. మీరెవరూ ఏం చెయ్యక్కర్లేదు. నిన్న నా అక్క బస్సు వెనకాల నడిచింది. అద్దంలో చూశాను. ఇంకోసారి చూడలేను."

"నువ్వొక్కడివి ఆపితే నిన్నొక్కణ్ణే తీసుకెళ్తారు," అంది పెద్దమ్మ. "మేం ముప్పైఎనిమిది మందిమి లోపలుంటాం కదా. ప్రయాణికులమని వాళ్ళే అన్నారు. ఆపమంటాం."

గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరికీ భయంగానే ఉంది. భయం లేదని చెప్తే అబద్ధం చెప్పినట్టు. ఒక్కొక్కరే చెయ్యెత్తారు. అల్లుడు ఎత్తలేదు, లేచి బయటికెళ్ళిపోయాడు.

శుక్రవారం. బస్సు నిండింది. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తలలు, కాళ్ళ దగ్గర ఖాళీ పెట్టెలు. మార్కులేసే వాళ్ళు ఇద్దరు, ఒకాయనా ఒకావిడా, ముందు సీట్లో కూర్చున్నారు. పక్కన నా కండక్టరు సీట్లో సెంటు సారు. ఆ మేడం వెనక్కి తిరిగి పెద్దమ్మని పలకరించింది. "ఎక్కడికమ్మా ప్రయాణం?"

"ఆమెకి గొంతు బాలేదు మేడం," అన్నాడు సారు.

మేడం పక్కావిడని అడిగింది. ఆవిడకీ గొంతు బాలేదన్నాడు. ఆ వెనకాయనకీ అంతే. మేడం పెద్దమ్మ చేతుల వంక చూసింది. చీపురు పట్టి కాయలు కాసిన చేతులవి. ఏదో రాసుకుంది.

కాలనీ వచ్చింది. అక్క నిలబడలేక రోడ్డు పక్క రాయి మీద కూర్చునుంది. ఆమె చుట్టూ మిగతా పది మంది.

"ఆపన్నా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. బస్సాగింది.

సారు ఎగిరి లేచాడు. "ఎవడాపమన్నాడ్రా?"

"నేనే," అన్నాను.

"నేనాపమన్నాను," అంది పెద్దమ్మ. "ప్రయాణికురాల్ని కదా సారూ!"

"నేను", "నేను" అని బస్సంతా లేచి నిలబడింది. లేచినవాళ్ళు సీట్లు ఖాళీ చేసి జబ్బుమనుషుల్ని కూర్చోబెట్టారు. అక్కని ఇద్దరు ఎత్తుకొచ్చారు. ఆమె ఊపిరి బుసబుసమంటోంది. సారు ఫోనులో అరుస్తూనే ఉన్నాడు. నిదానం బస్సు నడిపాడు, ఎప్పట్లాగే నిదానంగా, గుంటల్లో కుదుపు రాకుండా. ఆసుపత్రి గేటులోకి తిప్పి ఆపాడు. పదకొండు మందీ దిగి లోపలికెళ్ళారు. మేడం కూడా దిగి, గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చింది. ఏం రాసిందో మాకు తెలీదు. దాని మీద మేం ఆశ పెట్టుకోలేదు.

అంతలోకే రెండు పోలీసు వ్యాన్లొచ్చాయి.

స్టేషన్లో కేసు ముందే తయారై ఉంది. డ్రైవరు, కండక్టరు కుమ్మక్కై ముప్పైఎనిమిది మంది ప్రయాణికుల్ని బలవంతంగా ఎత్తుకుపోయారట! సెంటు సారు ఊడ్చేవాళ్ళ దగ్గర గొంతు తగ్గించి, "మిమ్మల్ని ఎత్తుకుపోయారని సంతకం పెట్టి డ్యూటీలకి పోండి. మీ మీదేం లేదు," అన్నాడు. నిదానాన్ని అప్పటికే లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు వేసున్నా దెబ్బల చప్పుడు వినపడుతోంది. ఆయన నోట్లోంచి మాత్రం ఒక్క అరుపూ రాలేదు. ఆ చప్పుడు వింటూ మనుషులు ఏదైనా సంతకం పెట్టేస్తారు, అందుకే మమ్మల్ని ఆ తలుపు పక్కనే నిలబెట్టారు.

పెద్దమ్మ ఎస్సై బల్ల దగ్గరికెళ్ళి పెట్టె పైన పెట్టింది.

"రాసుకో బాబూ. నేను ప్రయాణికురాల్ని కాదు. తొమ్మిదో వార్డు ఊడుస్తాను. ఈ పెట్టె ఈ సారే ఇచ్చాడు, ఎక్కమంటే ఎక్కాను. నన్నెవరూ ఎత్తుకుపోలేదు. బస్సు ఆపమన్నది నేను."

"పని పోతుంది ముసల్దానా," అన్నాడు సారు.

"పోనీ. చీపురు నాది."

తర్వాత ఇంకొకావిడ. "నాలుగో వార్డు కాలవలు. ప్రయాణికురాల్ని కాదు. ఆపమన్నది నేనే." ఆ తర్వాత ఇంకొకాయన. ఖాళీ పెట్టెలతో బల్ల నిండిపోయింది, నేల నిండిపోయింది. ఎస్సై కలం పక్కన పడేసి సారు వంక చూశాడు. పదిహేడో మనిషి చెప్తుండగా బయట రొద వినపడింది. లోడర్లు యూనిఫాంలతోనే ఆ కొత్త రోడ్డు మీద నడిచొచ్చారు. ముందు అల్లుడున్నాడు. "మేం బస్సులో లేం గానీ, ఉంటే మేమూ ఆపమనేవాళ్ళం. అదీ రాసుకోండి," అన్నాడు.

ఎత్తుకుపోయిన కేసు నిలబడలేదు. అలాగని వదిలేశారనుకుంటున్నారా? ప్రభుత్వ వాహనాన్ని స్వాధీనం చేసుకున్నాడని ఇంకో కేసు పెట్టి నిదానాన్ని జైలుకి పంపారు. వ్యాను ఎక్కిస్తుంటే చూశాను, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. "అక్క మిషను మీదికెక్కిందా?" అనడిగాడు నన్ను. ఎక్కిందన్నాను. తలూపాడు. నన్ను సస్పెండ్ చేశారు. ముప్పైఎనిమిది మందికీ పని పోయింది. అల్లుడితో పాటు ఆరుగుర్ని విమానాశ్రయం గేటు దగ్గరే ఆపేశారు.

శనివారం పొద్దున క్రేను తెచ్చి కాలనీ స్టాపు స్తంభాన్ని పెకలించుకుపోయారు. స్టాపు లేదు కనక ఆగే పనే లేదని నోటీసు అంటించారు. పక్క డిపో నుంచి కొత్త డ్రైవర్ని తెచ్చారు. రేపట్నుంచి బస్సు ముందు ఒక జీపు, వెనక ఒక జీపు నడుస్తాయి.

ఈ మిల్లు గేటు దగ్గర నిలబడి, షిఫ్టు దిగి వస్తున్న మీకు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రేపు మంగళవారం. ఆటోకి చందా వేసి పంపుతాంలే అని కొందరు మంచి మనసుతో అన్నారు. అక్క ఒప్పుకోలేదు. మధ్యాహ్నం ఆమె దగ్గరికెళ్తే గుమ్మంలో కూర్చునుంది.

"రేపు రోడ్డు మీద నాకో కుర్చీ వెయ్యండే," అంది. "ఎక్కువసేపు నిలబడలేను."

"పక్కన వేస్తామక్కా."

"పక్కనెందుకు? నడిమధ్యన వెయ్యండి."

నాకు ఏడుపొచ్చింది. వద్దని చెప్పాలనుకున్నాను. ఆమె నా మొహం చూసి, "నువ్వు పక్కనుంటావుగా?" అనడిగింది. ఉంటానన్నాను. ఆ పది మందీ ఉంటారు, పెద్దమ్మ ఉంటుంది, లోడర్లుంటారు. కాలేజీ పిల్లలు కొందరు వస్తామన్నారు. కొత్త డ్రైవరు ఎలాంటివాడో, జీపులో వాళ్ళకి ఏమని చెప్పి పంపారో మాకు తెలీదు.

బస్సు ఏడున్నరకొస్తుంది. ఏడింటికి మేం కుర్చీ వేస్తాం.