పదమూడో ముక్క

రిబ్బను ముడి ఇలా ఉండదే, నేను వేసేది ఒక కొస లాగితే ఊడిపోయే పూముడి, ఇదేమో బూటు లేసుకు వేసినట్టు ముడి మీద ముడి, అంటే ఎవరో విప్పారు, విప్పి మళ్ళీ కట్టారు, పిల్లుల పేక ఇది, నా దగ్గరున్న పన్నెండు టారో పేకల్లో, అదే ముక్క తీసి జోస్యం చెప్పే బొమ్మల పేకల్లో, మొట్టమొదట కొన్నది, జోస్యానికని కాదు, బొమ్మలు చూసి నవ్వుకోవడానికి, ఇందులో రాజులూ రాణులూ సన్యాసులూ అందరూ పిల్లులే, లెక్కపెడితే డెబ్బై ఎనిమిది ముక్కలకి డెబ్బై ఏడే ఉన్నాయి, మళ్ళీ లెక్కపెట్టినా అంతే, వరసగా పేర్చి చూస్తే పన్నెండు తర్వాత పద్నాలుగు, పదమూడు లేదు, పదమూడంటే మృత్యువు, ఈ పేకలో అది స్నానాల తొట్టి అంచున నిలబెట్టిన లావుపాటి పిల్లి, దాన్ని ఎత్తుకుపోయి ఎవరేం చేసుకుంటారు, ఇల్లు తుడిచే ఆవిడ అనుకుందామంటే ఆమె ఈ అలమర దగ్గరికే రాదు, మీ వస్తువు ఒకటి పక్కకి జరిగితే నా ప్రాణం తీస్తారమ్మా అంటుంది, ఇక మిగిలింది ఆడపడుచు, మొన్న ఆదివారం వచ్చి ఈ అరే చూస్తూ నిలబడింది, అందరూ నగలు దాచుకుంటారు వదినా, నువ్వు పిల్లుల్ని దాచుకుంటున్నావు అని నవ్వింది కూడా, ఫోన్ చేసి డొంకతిరుగుడుగా అడిగితే ఇట్టే పట్టేసింది, నీ పేకలు ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని తుడుచుకుని రావాలి, అంత ఓపిక నాకెక్కడిది, ఇంట్లో ఉన్న మనిషిని వదిలేసి నా మీద పడతావేం, మా అన్నయ్యనడుగు అంది, గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు లేదూ, అనుకుంటూనే రెండో పేక తీశాను, వంటింటి పేక, అందులో మృత్యువు అడుగంటి నల్లబడ్డ గిన్నె, అదీ లేదు, పళ్ళ డాక్టర్ల పేకలో ఊడొచ్చిన ఆఖరి పన్ను లేదు, విసుగుబోతు అమ్మమ్మల పేకలోనూ లేదు, ఒక్కటి తప్ప అరలో ఉన్న అన్నిటికీ అవే ముళ్ళు, ఆ ముడి నాకు తెలుసు, మా ఆయన రోజూ పొద్దున గడప దగ్గర వంగి తన బూట్లకి వేసుకునే ముడి.

ఈయనా, నా పేకల్ని చూసి ఇరవై ఏళ్ళుగా నవ్వుతున్న మనిషి, కాఫీ తాగుతూ రోజుకో ముక్క తీయడం మా ఇద్దరి అలవాటు, విప్పిన పేక నెలంతా బల్ల మీదే ఉంటుంది, నేను కలుపుతాను, ఈయన తీస్తారు, నీ పిల్లి ఏమంటోందోయ్ ఇవాళ అని వెక్కిరించి కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళిపోతారు, అయితే రెండు వారాలుగా వెక్కిరింత లేదు, ముక్క తీసి చూసి గబుక్కున కింద పెట్టేస్తున్నారు, మధ్యాహ్నం భోజనానికి రావడం లేదు, కొట్టుకి ఫోన్ చేస్తే అద్దాలు అరగదీసే పెద్దాయన సారు పదకొండింటికే బయటికెళ్ళారమ్మా అంటాడు, సాయంత్రం అడిగితే బేరాలు ఎక్కువగా ఉన్నాయి అని ఈయన, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఫోనేమో బల్ల మీద బోర్లా, ఎవరో ఉన్నారు, పేకలంటే ఇష్టమున్న మనిషే అయ్యుండాలి, నా దగ్గరివి పట్టుకెళ్ళి ఇస్తున్నారు, కానీ మృత్యువు ముక్కల్ని ఏరి బహుమతిగా పుచ్చుకునే ఆడది ఎలాంటిదై ఉంటుంది, నాకే నవ్వొచ్చింది, నవ్వొచ్చినా చేతులు ఆగలేదు, పెళ్ళయ్యాక ఏనాడూ ముట్టని, ఇవాళ ఆయన ఇంట్లోనే మరిచిపోయిన సంచీ జిప్పు లాగాను.

అద్దాలు పెట్టే చిన్న కాగితం కవరు, మీద కళ్ళ నంబరు రాసే చోట ఖాళీ, లోపల పిల్లి, మాడిన గిన్నె, ఊడిన పన్ను, మొత్తం పదకొండు మృత్యువులు, వాటి వెనక నాలుగు మడతల ఆసుపత్రి చీటీ, మెడ దగ్గర గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకి పంపారు, ఫలితం గురువారం పదకొండింటికి, ఇవాళ బుధవారం, మెడ మీద ఆ గుండ్రటి ప్లాస్టరు, బ్లేడు గీసుకుందోయ్ అన్నారు, నేను ఒక అంచు సరిగ్గా అంటలేదని వేలితో నొక్కాను కూడా, నొక్కితే కళ్ళు మూసుకున్నారు, రోజూ ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని ఎప్పుడు ఏ పేక కలుపుతానో తెలియక అన్నిట్లోంచీ తీసేసి, ఆ ముక్క రాదని తెలిసీ భయపడుతూ తీస్తున్నారు, మృత్యువు ముక్కంటే చావు కాదండీ, మార్పు అని అర్థం అంతే అని వందసార్లు చెప్పాను, ఊఁ అనేవారు.

పన్నెండు పేకలకి పదకొండేనేం, ఒకటి తగ్గిందే, గుమాస్తాల పేక, దాని ముడి నాదే, విప్పనట్టు ఉందనుకున్నాను, కాదు, విప్పి చూసి నా ముడే జాగ్రత్తగా వేయడానికి తంటాలు పడ్డట్టు ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి, మొదట దీన్నే తీసి ఉంటారు, అప్పటికింకా ఓపిక ఉంది, వెతికారు, దొరకలేదు, ఎలా దొరుకుతుంది, ఇందులో ముక్కల మీద అంకెలుండవు, మృత్యువు అని రాసీ ఉండదు, పదమూడో ముక్క పదవీ విరమణ, మెడలో దండతో గోడ గడియారం పట్టుకుని నిలబడ్డ గుమాస్తా, పక్కన ఖాళీ కుర్చీ, ఈయనకి తెలియదు, నాకు తెలుసు, ఇన్నాళ్ళూ అది పేకలోనే ఉంది, ఏ పొద్దున్నయినా ఆయన చేతికి వచ్చి ఉండేది, మార్పు అని అర్థం అంతే, రేపు పొద్దున నేను ఈ పేకే కలిపితే, మార్పు అంతే, అనుకుంటూనే నా వేళ్ళు ఆ ముక్కని బయటికి లాగేశాయి, కవరులో పిల్లి పక్కన పెట్టాను, రేపు చీటీ కోసం కవరు తెరిస్తే పన్నెండు ఉంటాయి, అప్పుడు తెలుస్తుంది ఆయనకి, నాకు తెలిసిందనీ, ఆయన ఒక్కరే భయపడటం లేదనీ, పదకొండింటికి నేనూ చెప్పులు వేసుకుని గడప దగ్గర ఉంటాననీ, గుమాస్తాల పేకకి రిబ్బను చుట్టి ముడి వేశాను, నాది కాదు, ఆయనది, ముడి మీద ముడి.