తోక తీసినా విరగని సంఖ్య

నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ పడదు. సైకిళ్లు బాగుచేసుకుని బతికేవాణ్ని, చక్రం తిరిగితే చాలు నాకు. మా అక్క కాలేజీలో లెక్కలు చెప్పేది. అన్నం ముందు కూర్చున్నా ఒక్క సంఖ్య గురించే మురిసిపోయేది: 73939133.

"ఒరేయ్, ఒకటీ, అదీ తప్ప దీన్ని ఇంకే సంఖ్యా శేషం లేకుండా భాగించలేదురా. చివరి అంకె తీసెయ్, మిగిలిందీ అంతే. ఇంకోటి తియ్, అదీ అంతే. ఏడు ఒక్కటీ మిగిలేదాకా! ఇలాంటి వాటిలో ఇంతకన్నా పెద్దది లేనే లేదు, తెలుసా?"

"కూర చల్లారిపోతోందే" అనేవాణ్ని.

పక్షవాతంతో అక్కకి మాట పడిపోయింది. మిగిలింది ఆ అంకెలే. మాట నేర్పే థెరపిస్టు దువ్వెన బొమ్మ చూపిస్తే మౌనం. చెంచా చూపిస్తే మౌనం. కాసేపటికి తనలో తనే "ఏడు, మూడు, తొమ్మిది..." అనుకునేది.

"అది పాత పాట పాడుకోవడం లాంటిదండీ. అర్థమై అంటున్నారని చెప్పలేం" అంది థెరపిస్టు. "అర్థమవుతోందనడానికి ఇవాళ కూడా ఏ ఆధారమూ దొరక్కపోతే డాక్టర్లు చికిత్స ఆపేయమంటారు."

నాకు ఒళ్లు మండింది. "పాటా? ఆ సంఖ్య సంగతి మీకేం తెలుసమ్మా?" అంటూ గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్లాను. అక్క చెప్పిందంతా గడగడా చెప్పేసి, అందులో మొదటి నాలుగంకెలూ రాశాను: 7391. "దీన్ని విరగ్గొట్టమనండి ఎవర్నైనా!"

మంచం మీద అక్క మొహం చిట్లించింది. "పంతొమ్మిది" అంది.

థెరపిస్టు జాలిగా నావైపు చూసింది. "ఏదో నోటికొచ్చిన అంకె."

నేనసలే మొండివాణ్ని. ఫోన్ తీసి పంతొమ్మిదితో భాగించాను. 389. శేషం లేదు. అప్పుడు చూశాను బోర్డుని. చివర మూడు ఉండాల్సిన చోట ఒకటి రాసి చచ్చాను.

థెరపిస్టు ఫోన్ లాక్కుని మళ్లీ చేసి చూసింది. బోర్డు దగ్గరికి వెళ్లి, ఆ ఒకటి చెరిపి ఏడు రాసింది. 7397.

అక్క కళ్లు అటు తిరిగాయి. "పదమూడు."

పదమూడు సార్లు 569. సరిగ్గా అంతే. దువ్వెనకి పేరు దొరకని తలలో అంతంత సంఖ్యలు ముక్కలై కనిపిస్తున్నాయి! ఇన్నేళ్లూ నేను కూర గురించి మాట్లాడింది ఈ మనిషితోనా అనిపించి, సిగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఏడు చెరిపి, అక్క సంఖ్యలో ఉండాల్సిన మూడు రాశాను. 7393.

అక్క దానివంకే చూసింది. చాలాసేపు చూసింది. నోరు మెదపలేదు.

"ఏమీ అనలేదే?" అంది థెరపిస్టు, గుసగుసగా.

"అదేనమ్మా జవాబు" అన్నాను. "రాసుకోండి."