చెడిపోయిన మూడు ఫొటోలు

"కదలకండి" అన్నాడాయన, ఆ పూటకి పదమూడోసారి.

స్టూలు మీది లావుపాటి మనిషి ఊపిరి కూడా బిగబట్టాడు. కెమెరా మూడుసార్లు చిటుక్కుమంది.

"అయిపోయింది. ఇక కదలొచ్చు."

ఈ రెండో మాట మరిచిపోకూడదు. ఒకసారి ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే దాంతో కుస్తీపడుతూ మరిచిపోయాడు. స్టూలు మీది ముసలాయన పావుగంట సేపు గడ్డం ఎత్తి అలాగే కూర్చున్నాడు. చివరికి మెడ పట్టేసిందని కూడా అనలేదు. "బాగా వచ్చిందా నాయనా?" అని మాత్రం అడిగాడు.

గుర్తింపు కార్డుల ఆఫీసులో మెట్ల కింది గది ఆయనది. నీలం గుడ్డ, స్టూలు, రెండు దీపాలు. నవ్వకూడదు, తల వంచకూడదు, రెప్ప వెయ్యకూడదు. ఇరవై ఆరేళ్లుగా ఇవే మాటలు చెప్పీ చెప్పీ ఆయనకి 'కదలకండి గారు' అని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది. సన్నటి మనిషి. కెమెరా సంచీ మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. ఎడమ కన్ను, ఫొటో తీయనప్పుడు కూడా, కొంచెం మూసుకునే ఉండేది.

ఇంటికెళ్లాక చేసే పని దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండేది. కదలని ఫొటోలను కదిలించేవాడు. ఒకే చోట నిలబడి తీసిన మూడు నాలుగు ఫొటోలను కంప్యూటర్లో వరసగా పేర్చి, ఏది ఎంతసేపు కనిపించాలో చెప్పి, చివరిది అవగానే మొదటిది వచ్చేలా ముడివేసేవాడు. జిఫ్ అంటారు దాన్ని. పిట్టగోడ మీద కాకి తల తిప్పేది, తిప్పుతూనే ఉండేది. తీగ మీది చొక్కా చేయి ఊపేది. ఆఫీసులో పక్క కిటికీ దగ్గర ఫారాలు సరిచూసే ఆమెకి ఆ చొక్కాను పంపిస్తే, "మాస్టారూ, మీ చొక్కాకున్న హుషారు మీకుంటే ఎంత బావుండేది" అంది.

ఆ రోజు ఆయన భోజనం డబ్బా సగంలోనే మూసేశాడు. పొద్దుటి నుంచి ఛాతీ మీద ఏదో బరువు. గ్యాస్ అన్నాడు. ఫారాల ఆమె తన బల్ల మీది ఫ్యానును ఆయన వైపు తిప్పి, ఫారంతో తను విసురుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే రేపు వెళ్తానన్నాడు. ఒక గంట ముందు పోతానంటే, ఇన్నేళ్లలో లేనిది ఇవాళేమిటని అడిగింది.

"ఇవాళ మా బావ నవ్వుతాడమ్మా" అన్నాడు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. అక్క, తను. అక్క కళ్లలో నడిమి చూపు పోయింది. మిగిలింది అంచుల్లో చూపు. అది కూడా మరో రెండు మూడు నెలలేనని డాక్టరు చెప్పాడు. ఆ అంచుల్లోంచి కదిలేవి దొరికేవి. కదలనివి మసకలో కలిసిపోయేవి. అందుకే ఇంట్లో కూర్చున్నప్పుడల్లా ఆయన కాలు ఊపుతూ ఉండాలి. చిన్నప్పుడు కాలు ఊపితే మొట్టికాయలు వేసిన అక్కే, "ఊపరా, ఉన్నట్టు తెలుస్తుంది" అనేది.

గోడ మీది బావ ఫొటో ఆమెకి ఎప్పుడో మాయమైపోయింది. అందుకు బాధపడలేదు. "అది ఆయన కాదులే. ఆయన అంత బుద్ధిగా ఎప్పుడు కూర్చున్నాడు?" అంది. కానీ రెండు నెలల కిందట, అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగిపోయింది.

"ఒరే, ఆయన నవ్వితే ముందు ఏ వైపు పెదవి లేచేదిరా?"

ఆయనకీ గుర్తు రాలేదు. గరిటె పట్టుకుని చాలాసేపు నిలబడింది అక్క.

ఆ వారమే అక్క పాత మందుల చీటీ కోసం ఆయన వెతుకుతుంటే అటక మీద రేకుడబ్బా దొరికింది. లోపల నాలుగు నెగెటివ్‌లు. పదిహేడేళ్ల వయసులో ఆయన ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నప్పుడు బావ ఫొటో దిగడానికి వచ్చాడు. బావమరిది నల్లగుడ్డ కింద దూరి, గొంతు పెద్దది చేసుకుని "కదలకండి" అనేసరికి బావకి నవ్వు ఆగలేదు. మూడు ఫొటోలు చెడిపోయాయి. నాలుగోదానికి కొయ్యలా కూర్చున్నాడు. చెడిపోయినవి పారెయ్యమని యజమాని కసిరాడు. అందరి ముందూ బావ వెక్కిరించాడని ఈయన నెలరోజులు మాట్లాడలేదు. మాటలు కలిసిన ఏడాదికే బావకి జ్వరం వచ్చింది. కొయ్యలా కూర్చున్న ఫొటోయే గోడ మీదికెక్కింది. ఆ మూడింటినీ ఎందుకు పారెయ్యలేదో ఆయనకే తెలియదు.

ఈ రెండు నెలల్లో వాటిని స్కాన్ చేసి, దుమ్ము చుక్కలు ఒక్కొక్కటే తుడిచాడు. చొక్కా రెండో గుండీని గురుతుగా పెట్టుకుని నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి సరిపెట్టాడు. అన్నీ కుదిరాయి, నవ్వు కుదరలేదు. నాలుగూ అయ్యాక మొదటిది వచ్చేసరికి ముఖం ఎవరో కొట్టినట్టు ఉలిక్కిపడేది. అది అక్కకి చూపించలేడు. ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో ప్రింటరు ముందు నిలబడి ఉండగా తోచింది. మనిషి నవ్వు ఎలా వస్తుందో అలాగే వెనక్కి పోతుంది.

మెట్ల మీద రెండుసార్లు ఆగి ఇల్లు చేరాడు. ఇంకా ఎండ ఉంది. చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొయ్యలాంటిది ముందు పెట్టి, నవ్వినవి మూడూ వరసగా పేర్చి, మళ్లీ అదే దారిలో వెనక్కి నడిపించాడు. నిండు నవ్వు దగ్గర అర సెకను ఎక్కువ ఆపాడు. బావ నవ్వాడు. నవ్వు సర్దుకుంది. మళ్లీ నవ్వాడు.

దాన్ని ఫోన్లోకి ఎక్కించాడు. అక్క వేళ్లకి బటన్ దొరకదని, తెర ఆరిపోకుండా పెట్టాడు. ఛార్జరు తగిలించి, ఫోన్ను నీళ్ల జగ్గుకి ఆనించి, ఆమెని పక్కకి తిరిగి కూర్చోమన్నాడు. అక్క పిట్టలా తల వాల్చి కంటి చివర నుంచి చూసింది.

"ఎడమ" అంది. "ఎడమ వైపేరా."

తర్వాత తనూ నవ్వింది. "ఆ రోజు ఇంటికొచ్చి ఒకటే గోల. దుప్పటి నెత్తిన కప్పుకుని 'కదలకండి' అంటూ వారం రోజులు నీలాగే చేశాడు. వీడు పెద్ద ఫొటోగ్రాఫరు అవుతాడు చూడండి అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు."

"నాకు చెప్పలేదే."

"నువ్వు మాట్లాడితే కదా, మూతిముడుపు వెధవా."

ఆయన కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలాడు. నలభై ఏళ్లు ఆలస్యంగా అందిన ఆ మాటని లోపల సర్దుకుంటున్నట్టు కళ్లు మూసుకున్నాడు. కాలు ఊపుతూనే ఉన్నాడు. అక్క మాట్లాడుతూనే ఉంది. కొంత తమ్ముడితో, కొంత ఫోన్తో. బావ అరిచిన అరుపులు, పోగొట్టుకున్న చెప్పులు, అన్నీ.

కాసేపటికి ఆమె కుర్చీ వైపు తల తిప్పింది. అక్కడ ఏదీ కదలలేదు.

"వెళ్లావురా?" అంది.

కంటి చుక్కల మందు నిండుకుందని పొద్దున తనే చెప్పింది. అందుకే వెళ్లి ఉంటాడు. "చెప్పి వెళ్తే ఏం పోయిందో" అని గొణుక్కుని మళ్లీ ఫోన్ వైపు తిరిగింది.

ఆయన కుర్చీలోనే ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద, తల కుర్చీ వీపుకి ఆని నిటారుగా, స్టూలు మీద తను కూర్చోబెట్టే మనుషుల్లాగే. ఊపిరి ఆగినప్పుడు కూడా చప్పుడు కాలేదు.

ఎండ కిటికీ దిగిపోయింది. నీళ్ల జగ్గుకి ఆనించిన ఫోన్లో, ఆరిపోకుండా పెట్టిన తెర మీద, బావ బుద్ధిగా కూర్చున్నాడు, ఎడమ పెదవి లేచింది, నిండుగా నవ్వాడు, మళ్లీ బుద్ధిగా కూర్చున్నాడు.