తోమేసిన గిన్నె

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మా ఆయన ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ శనివారం గిన్నె తోమాడు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వదిలేసి, తోమకూడని ఆ ఒక్కదాన్నే పట్టుకుని పీచుతో రుద్ది రుద్ది మరీ తోమాడు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ పరాయి దేశంలో మా పక్క ఊరు వెర్రిబీలో లొరేన్ అనే ఆవిడ కేఫ్‌లో నేను రెండేళ్ళుగా గిన్నెలు తోముతున్నాను. ఆవిడ తండ్రి అమెరికాలోని లూసియానా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. ఆయన నేర్పిన జంబలాయా కోసమే శనివారాలు ఆ కేఫ్ నిండుతుంది. మాంసం, సాసేజీ, ఉల్లిపాయలు, బియ్యం అన్నీ ఒకే గిన్నెలో వండుతారు. మన పలావుకి దూరపు చుట్టం అనుకోండి. మోకాళ్ళ నొప్పులతో ఇక శనివారాలు పొయ్యి దగ్గర నిలబడలేనని లొరేన్ ఈమధ్య తేల్చేసింది.

"నువ్వు ఇంట్లో వండి తీసుకురా సుగుణా. రంగు మాంసం వేగితేనే రావాలి. సాసులు పోసి రంగు తెస్తే నాకు తెలిసిపోతుంది. కుదిరిందా, శనివారం పొయ్యి నీది. కుదరకపోతే వేరే మనిషిని చూసుకుంటాను" అంది.

పొయ్యి నాది! ఆ మాట నాకెంతో తెలియాలంటే మీరు పాయింట్ కుక్‌లో మా ఇంటికి రావాలి. ఇల్లు కొత్తది, స్టవ్వు పెద్దది. దాని మీద నాదంటూ ఒక్క మంట కూడా లేదు. మా ఆయన ఆనందరావు వంట చెయ్యడు. కానీ వంటింట్లోకి వచ్చిన ప్రతిసారీ అట్లకాడ అందుకుని కూర ఓసారి కలిపి, ఉప్పు చూసి, మూత పెట్టి పోతాడు. ఎందుకండీ అంటే "హెల్ప్ చేసినా తప్పేనా?" అంటాడు. నేను వండిన ఏ కూరా పూర్తిగా నేను వండింది కాదు. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడని పొయ్యి ఒక్కటి, వారానికి ఒక్క రోజు దొరికితే చాలనుకున్నాను.

ఆ శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. మనం మాంసం కడిగి, ఉప్పూ పసుపూ అల్లంవెల్లుల్లీ పట్టించి, మొత్తం ఒకేసారి గిన్నెలో వేసి మూత పెడతాం. అది నీళ్ళు వదిలి ఆ నీళ్ళలోనే ఉడుకుతుంది. మన కూరకి అదే బాగు. జంబలాయాకి మాత్రం అలా చేస్తే ముక్క తెల్లగా పాలిపోయి చస్తుంది. అందుకని చికెన్ ముక్కల తడి పేపరు టవల్‌తో పూర్తిగా అద్దేశాను. మందపాటి గిన్నె బాగా కాగాక నూనె వేసి, ముక్కకీ ముక్కకీ మధ్య చోటు ఉండేలా కొన్ని మాత్రమే పేర్చాను. తర్వాత చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మా అత్తగారు సీతాదేవి పక్కనే కుర్చీలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. "అమ్మాయ్, అడుగంటుతోందే! కలుపు!" అన్నారు.

"కలపకూడదు అత్తయ్యా. ఎర్రగా వేగాక ముక్కే అడుగు వదిలేస్తుంది. అప్పుడు తిప్పాలి."

"ఆ అంటుకున్నదో?"

"అదే అసలు రుచి. ఉల్లిపాయలు వేసి, కాసిని నీళ్ళు చల్లి గీకితే అదంతా కరిగి అన్నానికి పడుతుంది."

ఆవిడ మెడ సాచి గిన్నెలోకి చూసి, "నెయ్యి కాచిన గిన్నెలో వేడన్నం వేసి కలుపుకున్నట్టన్నమాట" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంట్లో ఒక్కళ్ళకి అర్థమైంది!

సాసేజీ ముక్కలూ, చికెనూ విడతలు విడతలుగా వేయించి పళ్ళెంలోకి తీశాను. గిన్నె అడుగున ముదురు గోధుమరంగు పొర కట్టింది. నల్లబడితే చేదెక్కుతుంది, అందుకే సరిగ్గా ఆ రంగులో స్టవ్వు ఆపాను. చొక్కా అంతా నూనె చిందితే బట్టలు మార్చుకుందామని పైకి వెళ్ళాను. వెనకాలే అత్తయ్య మందు వేసుకోవడానికి తన గదిలోకి వెళ్ళారట.

కిందికి వచ్చేసరికి స్టవ్వు మీద గిన్నె లేదు. సింకు పక్కన బోర్లించి ఉంది, తళతళా మెరుస్తూ. ఆనందరావు చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఫుల్‌గా మాడగొట్టేశావ్. ఆ గిన్నె లొరేన్‌కి చూపిస్తే పరువేం కాను? నేనే క్లీన్ చేసేశా. అట్లీస్ట్ థాంక్స్ చెప్పొచ్చుగా!"

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు తోమమన్నారు మిమ్మల్ని? నేను అడిగానా? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడిగానా?"

"అరే, మాడిన గిన్నె తోమితే కూడా..."

"మాడలేదు! నేను కావాలని కట్టించిన రంగది! నా ఉద్యోగం సింకులో పోశారు మీరు!"

అరిచాను. గొంతు పగిలేలా అరిచాను. పక్కింటివాళ్ళ కుక్క మొరగడం మొదలుపెట్టింది. మొరగనీ అనుకున్నాను. పళ్ళెంలో వేగిన ముక్కలున్నాయి గానీ అడుగు పోయాక వాటితో వండితే వచ్చేది వట్టి చికెన్ అన్నం. ఏడుపు కూడా వచ్చింది, కోపంతోనే.

ఫ్రిజ్ తెరిచాను. మర్నాడు బార్బెక్యూకి ఆయన ఫ్రెండ్ భార్గవ్ కుటుంబం వస్తుందని తెచ్చిన చికెన్, సాసేజీలు కనిపించాయి. తీసి ప్యాకెట్లు కోసేశాను.

"సుగుణా, అవి రేపటికి! భార్గవ్ వాళ్ళకి ఏం పెడతాం?"

"మీరు తోమిన గిన్నె పెట్టండి."

మళ్ళీ తడి అద్ది, గిన్నె కాగనిచ్చి, ముక్కలు పేర్చాను. మనిషి బుద్ధి మారుతుందా? చుయ్‌మన్న చప్పుడు వినగానే ఆయన చెయ్యి అలవాటుగా అట్లకాడ మీదికి పోయింది. ఠాప్‌మని దెబ్బ వినిపించింది. కొట్టింది, నా అరుపులకి గదిలోంచి వచ్చిన అత్తయ్య.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుద్ది. అవతలికి పో" అన్నారు. కుర్చీ స్టవ్వుకి అడ్డంగా లాక్కుని కూర్చున్నారు. బియ్యం ఉడికి, మూత తీసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ మధ్యాహ్నం గిన్నె దుప్పట్లో చుట్టి కారులో పెట్టుకుని వెర్రిబీ వెళ్ళాను. లొరేన్ మూత తీసి, గరిటె అడుగు దాకా దించి, పైకి లాగి చూసింది. ప్రతి మెతుకూ ఇటుక రంగులో ఉంది. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది.

"వచ్చే శనివారం పొద్దున్నే వచ్చెయ్. నీ పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానివ్వకు, నన్ను కూడా" అంది.

ఇంటికొచ్చి చెప్పాను. ఆనందరావు తల గోక్కున్నాడు. "గుడ్, వెరీ గుడ్. బట్ సుగుణా, శనివారాలు మాకు వంటెవరు చేస్తారు?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "స్టవ్వు అక్కడే ఉంది, అట్లకాడా అక్కడే ఉంది. ఇన్నేళ్ళూ దాని కూరలు కలిపావుగా, ఇప్పుడు నీది నువ్వు కలుపుకో. తిన్నాక గిన్నె ఎవరు తోముతారని మాత్రం అడక్కు. నీకు వచ్చని ఇవాళే తెలిసింది."