ఆడవాళ్ళ తరఫున జవాబు

చొక్కాకి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తున్న లవ్‌డేకి వెనక నుంచి మొగుడు జోసయా ఉపన్యాసం వినిపిస్తూనే ఉంది. మెల్‌బోర్న్ నుంచి రైలొచ్చాక పట్నమై కూర్చున్న వాటిల్ క్రీక్‌కి ఆ మధ్యాహ్నమే జోసయా ట్రెలోర్ మేయరవుతున్నాడు. టౌన్‌హాల్లో విందు. అద్దం ముందు రెండు చేతులూ చాపి, "బంగారం గుంటల పక్కన గుడారం వేసుకుని, ఈ చేతులతో అల్లం బీరు కాచాను" అని మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాడు.

కాచిందెవరు? ఆయన గుంటలో బురద తవ్వుతుంటే అల్లం దంచింది, పంచదార నీళ్ళు మరిగించి పులియబెట్టింది, చంకలో పసిబిడ్డతో తిరిగి అమ్మింది ఆవిడ. ఎండకి సీసా పేలి గాజుపెంకు మోచేతిలో దిగితే, "ఎన్ని పగిలాయి?" అని అడిగాడే తప్ప చెయ్యి చూడలేదు. బంగారం దొరకలేదు, బీరు నిలబెట్టింది. అదే పెరిగి ఫ్యాక్టరీ అయింది, దాని మీద ఆయన పేరు లేచింది. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా! ఇన్నేళ్ళలో ఆవిడ ఏదీ అడగలేదు. ఇవాళ అడిగింది.

"ఏమండీ, మొదటి బీరు నా భార్య కాచిందని ఒక్కమాట అనండి. చాలు."

"దానికేం భాగ్యం, అంటాలే. కాలరు దగ్గర మడత పోలేదు చూడు."

విందు మగవాళ్ళకి. వాళ్ళు కింద తింటుంటే ఆడవాళ్ళు బాల్కనీలో కూర్చుని చూడటం అక్కడి మర్యాద. కాల్చిన గొర్రెమాంసం వాసన పైకి వస్తున్నా లవ్‌డేకి ఆకలి లేదు. ఆ ఒక్కమాట కోసం చేతిరుమాలు నలుపుతూ కూర్చుంది. ఉపన్యాసంలో గుడారం వచ్చింది. ఈ చేతులూ వచ్చాయి. ఇప్పుడంటాడు, ఇప్పుడే అనుకుంది.

"మా ఆవిడకి పాపం, అల్లానికీ బంగాళాదుంపకీ తేడా తెలీదు. నేను సంపాదిస్తే ఖర్చు పెట్టడం మాత్రం దివ్యంగా తెలుసు."

హాలంతా గొల్లుమంది. పక్కనున్న కౌన్సిలరు భార్య కూడా నవ్వి, లవ్‌డే మొహం చూసి ఆపేసింది.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కన్నా, నమ్మినందుకు తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మర్చిపోయాడేమోలే అని సర్దిచెప్పుకోవడానికీ లేదు. మర్చిపోయినవాడు ఊరుకుంటాడు, ఈయన పనిగట్టుకుని తుడిచేశాడు.

అంతలో కింద ఎవరో ఆడవాళ్ళ గౌరవార్థం గ్లాసెత్తి, "మన స్త్రీల కోసం" అన్నారు. మగవాళ్ళంతా లేచి తాగారు. దానికి ఆడవాళ్ళ తరఫున జవాబు చెప్పేది ఎప్పుడూ ఒక పెళ్ళికాని మగాడే. అదీ మర్యాదేనట. ఈసారి వంతు లాయరు క్రోస్బీది. మీసం సవరించుకుని లేచి, "పైనున్న ఆ సుకుమార హృదయాలు నా నోటితో ఏమంటున్నాయంటే..." అని మొదలుపెట్టాడు.

లవ్‌డే లేచింది. కౌన్సిలరు భార్య ఆవిడ గౌను పట్టుకుని, "కూర్చోండమ్మా, మీ ఆయన పరువు పోతుంది" అని గొణిగింది. జోసయా తలెత్తి చూశాడు. ఆ చూపు ఆవిడకి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ ఆ చూపుకే కూర్చుండిపోతూ వచ్చింది.

బాల్కనీ కమ్మీ పట్టుకుని కిందికి వంగింది.

"క్రోస్బీ గారూ, మీరు కూర్చోండి. ఆడవాళ్ళం ఇక్కడే ఉన్నాం."