ఏడు సినిమాల్లో ఒక్క ఆటా లేదు

నేను ఒక క్యారమ్ బోర్డుని. సినిమావాళ్ల లెక్కలో మాత్రం ‘బస్తీ గొడవ సామాను’. ఈ గోదాములో నా పక్కన రబ్బరు కత్తులు, అట్టతో చేసిన ఇటుకలు ఉంటాయి. వాటితో నాకు పోలికేమిటండీ? అవి దెబ్బలాటకే పుట్టాయి. నేను ఆడుకోవడానికి పుట్టాను.

నన్ను చేసింది హైదరాబాదు శివార్లలో, కంకరగుట్ట బస్తీ వడ్రంగి జంగయ్య. పెద్దపెద్ద ఇళ్లకు తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలతో నాకు చట్రం బిగించాడు. నాలుగో గుంత కోసేటప్పుడు చెయ్యి జారి అది కాస్త పెద్దదైంది. అబ్బో, ఆ గుంతలోనే కాయిన్ వెయ్యాలని కుర్రాళ్లు పడే తంటాలు చూడాలి!

పనుల నుంచి వచ్చాక నన్ను ఒక పాత డ్రమ్ము మీద పెట్టి ఆడేవారు. కొట్లాటలు రావా అంటే, బాగానే వచ్చేవి. కానీ జంగయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. కొట్లాడుకున్న ఇద్దరూ ఆ సాయంత్రమే నాకు చెరోవైపు ఎదురెదురుగా కూర్చుని, జంటగా ఒక ఆట గెలవాలి. గెలిచేదాకా లేవకూడదు. మూతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లు మూడో ఆటకల్లా “రెడ్ నువ్వెయ్ రా”, “కాదు, నువ్వే ఎయ్” అని బతిమాలుకునేవారు. ఆ మాటలు వింటుంటే నాకెంత హాయిగా ఉండేదో!

అందరిలోకి శ్రీశైలం, ఇలియాస్ అంటే నాకు ప్రాణం. ఒకడు ట్రాలీ ఆటో నడిపేవాడు, ఇంకొకడు ఏసీలు బాగుచేసేవాడు. పదేళ్ల దోస్తీ వాళ్లది.

అంతలో సినిమా వచ్చింది. బస్తీ కుర్రాళ్ల మీద సినిమాయట. మా గోడలు మరీ శుభ్రంగా ఉన్నాయని డైరెక్టరు వాటికి మసి పూయించాడు. జంగయ్య తన కట్టుబాటు గురించి చెబితే, “బావుంది గానీ పెద్దాయనా, కొట్టుకోకపోతే జనం ఎందుకు చూస్తారు?” అన్నాడు.

నా దగ్గర కొట్లాడే వేషాలు ఆ ఇద్దరికే ఇచ్చారు. ఎంత సంబరపడ్డారో! తీరా కెమెరా ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వేశారు. ఐదుసార్లూ అంతే. అప్పుడు డైరెక్టరు ఒక్కొక్కడినే నా పక్కకు పిలిచి మెల్లగా ఊదాడు: “వాడు పనికిరాడు, తీసెయ్యండని నీ గురించి నీ దోస్తే చెప్పాడు.” ఇద్దరికీ అదే అబద్ధం. ఒకరినొకరు ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. తెరమీద కనబడాలన్న ఆశ అంత పని చేసింది. శ్రీశైలం నన్నే ఎత్తి కొట్టాడు. ఇలియాస్ కనుబొమ చిట్లింది. నా చట్రం ఒక మూల విడిపోయింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

మిగతా సీను సెట్లో తీయాలని అప్పటికప్పుడే నన్ను వ్యానెక్కించారు. మళ్లీ వెనక్కి పంపే నాథుడెవరు? ఆ తర్వాత ఇంకో ఆరు సినిమాలకు కిరాయికి వెళ్లాను. తన్నారు, బోర్లించారు, ఎర్రరంగు పోశారు. ఏడింటిలో ఏ ఒక్కదాంట్లోనూ నా గుంతలో ఒక్క కాయిన్ పడలేదు. నన్ను చూసి ఈలలు వేసినవాళ్లకు, ఇది ఆడుకునే వస్తువని గుర్తయినా వచ్చిందో లేదో! నాకు మనుషుల వేళ్లు కావాలి. పౌడరు వాసన కావాలి. ఆ ఇద్దరూ కావాలి.

ఇవాళ మధ్యాహ్నం ఒక ఆటోవాడు గోదాముకు కుర్చీలు తెచ్చాడు. దించుతూ దించుతూ నా దగ్గర ఆగాడు. నాలుగో గుంతలో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. జుట్టు పలచబడింది గానీ, వాడే, నా శ్రీశైలం! అక్కడే కూలబడి, ఫోను స్పీకర్లో పెట్టాడు.

“ఇలియాస్, పెట్టెయ్యకు రా. సినిమా సామాన్ల గోదాముల మన బోర్డు దొరికింది.”

అప్పుడు విడిపోయిన నా చట్రం మూలను తడుముతూ మళ్లీ అన్నాడు.

“ఆ పొద్దు జంగయ్య మామ మనిద్దర్నీ కూచోమన్నడు. బోర్డే లేకపాయె. నువ్వో దిక్కు పోతివి, నేనో దిక్కు పోతి. ఆరేండ్లాయె. ఆ డైరెక్టర్ నాకేం చెప్పిండో నీకు చెప్పాలె రా.”

ఇలియాస్ గొంతు వినిపించింది. “పౌడర్ ఉందా?”

“లేదు.”

“ఆడనే ఉండు. నేను తెస్త.”

శ్రీశైలం చొక్కా కొసతో నా మీది ఎర్రరంగు తుడుస్తున్నాడు. అది వదలడం లేదు. ఫరవాలేదు, పౌడరు చల్లితే కాయిన్లు దానిమీదా జారతాయి. ఇద్దరం గేటు వైపే చూస్తున్నాం.