పావు బిళ్ల

జొన్నరొట్టె తడుతుంటే చేతులు వణికి రొట్టె నడిమికి చినిగింది. "పిండి గూడా నీకు బెదురుతాండాదే" అని నవ్వింది మా అత్త దేవమ్మ. చర్మం కింద చీమలు పాకుతున్నట్టుంది. పొయ్యి మంట కూడా చూడలేకపోతున్నాను. ఇది పిచ్చి కాదు, మందు తగ్గిస్తున్నందుకు ఒళ్లు పడే యాతన. ఆ మాట చెబితే వినేదెవరు?

పురిట్లో బిడ్డ పోయినాక నా ఏడుపు ఆగలేదు. మా ఆయన ఏలీయా నంద్యాలకు తీసుకుపోయి నిద్రబిళ్లలు రాయించినాడు. ఏండ్ల తరబడి మింగినాను. "ఇప్పుడు బంగారమట్ల ఉండావే లూదియా" అనేవాడు. నిజమే, బంగారం ఎదురు మాట్లాడదు. పెద్దపిల్లకు మాటలు ఎప్పుడొచ్చినాయో నాకు గుర్తే లేదు.

ఈ ఎండాకాలం ఆళ్లగడ్డలో ఉజ్జీవ కూటాలని ప్రార్థన సభలు పెట్టినారు. మా గుడి పాస్టరు అయ్యగారు నా నెత్తిన చెయ్యి పెట్టి, స్వస్థత కలిగిందన్నాడు. ఇంటికి రాంగానే అత్త బిళ్లలన్నీ పొయ్యిలో పోసింది. రెండు దినాలు తిరక్కముందే కొళాయి కాడ ఫిట్సొచ్చి పడినాను, నాలుక కొరుక్కున్నాను. "దయ్యం పోతా పోతా తన్నిందిలే" అన్నాడు ఏలీయా.

అమ్మను చూసొస్తానని చెప్పి నంద్యాల బస్సెక్కినాను. డాక్టరు తిట్టినాడు. "ఇన్నేండ్ల మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం పోతుందమ్మా. బ్లేడుతో కోసుకుంటూ మెల్లగా తగ్గించుకో." అట్లే కోసుకుంటూ పావు బిళ్ల దాకా వచ్చినాను. పెద్దపిల్ల మాటలు ఇప్పుడు చెవికెక్కుతున్నాయి.

నిన్న ఏలీయా నా పౌడరు డబ్బాలో బిళ్ల ముక్కలు చూసినాడు. అన్నీ అంగీ జేబులో పోసుకున్నాడు.

"రేపు గుడిలో సాక్ష్యం చెప్పాల. మందు మానేసినాను, ప్రభువు బాగుచేసినాడు అని. నన్ను సంఘపెద్దను చేస్తామంటాండారు."

"ఇంకా మానలేదు కదప్పా. కొన్నాళ్లు ఆగు."

"నోరు లేస్తాందే! చెప్పినాకనే బిళ్ల ఇస్తా. ల్యాకుంటే మళ్లా ఫిట్సొచ్చి పడి సావు."

పక్కనే అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

రాత్రి బిళ్ల లేదు, పొద్దున లేదు. గుడిలో కళ్లు తిరుగుతున్నాయి. అయ్యగారు నా పేరు పిలిచినాడు. ఆడోళ్ల చాప మీద నుంచి గోడ పట్టుకుని లేచినాను. అవతల మగోళ్లలో ముందు వరసలో కూర్చుని, కానీ అన్నట్టు తలూపినాడు ఏలీయా.

"నేనింకా బాగు కాలేదు, బాగవుతాండా" అన్నాను. "అబద్ధం చెప్తేనే ఇస్తానని నా మందు మా ఆయన జేబులో పెట్టుకొనుండాడు. అయ్యగారూ, ముందు అది ఇప్పియ్యండి, కూచుంటా."